రెండు చెవులూ నీ దగ్గరే

అక్కా,

కవరులో చేతికి గట్టిగా తగిలేవి తాళంచెవులు. రెండూ నా తుపాకీకి వేసిన తాళానివే. నీ బీరువాలో పెట్టుకో.

బ్యాంకు కాపలా మానేశాక ఆ తుపాకీతో నాకు పనేమీ లేదు. అయినా నీ మరదలు పోయిన దగ్గర్నుంచి దాన్ని రోజూ తీసి తుడుస్తున్నాను. కాల్చని తుపాకీకి అంత తుడుపు అక్కర్లేదని నాకూ తెలుసు.

నిన్న తాళాల కొట్టుకి వెళ్లాను. కొట్టతను ముందు నంబరు తాళమున్న పెట్టె చూపించాడు. నంబరు పెట్టేది నేనే అయితే ఇంక తాళమెందుకు? వద్దని, ట్రిగ్గరు మీద బిగించే తాళం తీసుకున్నాను.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగాడు.

"ఒకడున్నాడు. చెప్పిన మాట వినడు" అన్నాను.

"అయితే చెవులు రెండూ వాడికి తెలియని చోట దాచండి" అన్నాడు పాపం. నేను దాచిన చోటు నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే నీకు పంపుతున్నాను.

తుపాకీని పోలీసు స్టేషన్లో అప్పగించేద్దామని గుమ్మం దాకా వెళ్లాను. ఎందుకని అక్కడి కానిస్టేబులు అడిగితే, ఏమీ లేదని చెప్పి తిరిగొచ్చేశాను. నువ్వు పక్కనుంటే చెప్పగలను. బావగారికి ఏదో ఒకటి చెప్పి త్వరగా రా.

ఈలోగా నేనే వచ్చి చెవులడిగితే ఇవ్వకు. ఏడుస్తూ అడిగితే నువ్వెలాగూ ఇవ్వవు. నవ్వుతూ, "ఇప్పుడు బాగానే ఉన్నానక్కా" అంటూ వస్తానేమో. అప్పుడు అస్సలు ఇవ్వకు.

నీ తమ్ముడు