కార్డులో మా అవ్వ

నస్పూర్,
బుధవారం.

పెద్దవాడైన అన్న మల్లేశానికి తమ్ముడు రాజలింగు చేతులు జోడించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. అవ్వ ఎలా ఉంది? దమ్ము తగ్గిందా? పొద్దున కూర్చుని నాలుగు నూలు కండెలన్నా చుట్టగలుగుతోందా, లేక ఆయాసంతో గోడకు ఆనుకునే ఉంటోందా? దాచకుండా రాయి. "మంచిగనే ఉన్నది" అని ఒక్క మాటతో సరిపెట్టకు.

ఈ నెల మందు గోలీల డబ్బా రాలేదేమని అవ్వ అడుగుతూనే ఉంటుంది. నేను పంపకపోవడం కాదు, వాళ్లు ఇవ్వలేదు. తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది అన్నా. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఓపికగా చదువు.

గని దవాఖానలో ఇన్నాళ్లూ పనివాడి కార్డులో పేరుంటే చాలు, ఇంటివాళ్లు ఎవరికైనా మందు ఇచ్చేవాళ్లు. అవ్వ ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టరు చూసి రాసిచ్చిన చీటీ మీదే నెలనెలా ఆ తెల్ల గోలీలు తీసుకుని, మంచిర్యాల అంగడికి తువ్వాళ్లు అమ్ముకోవడానికి వచ్చే మన భూమయ్య చేతికి ఇచ్చేవాణ్ని. ఈ నెల గోడకు కొత్త కాగితం అంటించారు. జ్వరం మందు, దగ్గు మందు ఎప్పటిలాగే అందరికీ ఇస్తారట. ఖరీదైన మందులకు మాత్రం వేరే పట్టీ వేశారు. అవి పనివాడికి, భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరట. అవ్వ గోలీలు ఆ పట్టీలోనే ఉన్నాయి. ఉంటే ఏం, కార్డులో లచ్చవ్వ అని పేరుంది, అవ్వ నాకు తల్లే కదా అని ధీమాగా వరుసలో నిలబడ్డాను.

కంపౌండర్ మన కరీంనగర్ వైపు మనిషే. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"నీకు రావు పో. లచ్చవ్వ నీకు బాపమ్మ, అంటే నీ నాయనకు తల్లి అయితదని రాసున్నది. గీ గోలీలు బాపమ్మలకు ఇయ్యరు."

"మా బాపమ్మనా? ఆమె సచ్చిపోయి పదేండ్లాయె!"

"అయితే సచ్చినామె పేరు మీద ఇన్నొద్దులు గోలీలు తీస్కపోయినవా?"

వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మందు కోసం పోయి దొంగనయ్యాను. నన్నెందుకు తిడతావు, కార్డు రాసింది నేనా, ఆఫీసుకు పో అన్నాడు కంపౌండర్.

ఆఫీసుకు పోయాను. నేను పనిలో చేరిన రోజు కార్డు రాసిన గుమాస్తా ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. నెల్లూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు.

"నువ్వే కదయ్యా చెప్పింది? ఇంట్లో ఎవరున్నారంటే మా అవ్వ అన్నావు."

"అవ్వనే సార్! నన్ను కన్న అవ్వ!"

"అవ్వ నిన్ను కనడమేందయ్యా? అవ్వంటే నాయనకు అమ్మ. కన్నతల్లిని అమ్మ అంటారు."

"మా దిక్కు తల్లినే అవ్వ అంటం సార్. జర దిద్దుండ్రి, మీకు దండం పెడ్త."

అతను కార్డు తీసుకుని మళ్లీ చదివాడు. పొరపాటు నాదేనయ్యా అని కూడా ఒప్పుకున్నాడు. కానీ దిద్దడట, దిద్దితే అతని ఉద్యోగానికి ముప్పట. ఊరి పట్వారీ దగ్గర కాగితం తెస్తేనే పని అవుతుందట. డాక్టరు ఇవ్వమని రాసినా ఆఫీసు ఇవ్వనంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది నా గతి. తప్పు నాలోనూ ఉంది. చేరిన రోజు ఆ కార్డు ఇంగ్లీషులో ఉంటే, ఏం రాశారని అడగకుండా, నువ్వు నేర్పిన గుండ్రటి అక్షరాలతో కింద సంతకం పెట్టి మురిసిపోయాను.

ఈ ఉత్తరమే అవ్వకు చదవకు, ఈ ముక్క అసలే వద్దు. ఊరుకోలేక పెద్ద ఆఫీసరు దగ్గరికి కూడా పోయాను. వాళ్లకు అర్థం కావాలని "మా అమ్మ సార్, మా అమ్మకు దమ్ము" అన్నాను. ఎవరి తల్లి కోసమో అడుక్కుంటున్నట్టు అనిపించింది. ఆయన తల కూడా ఎత్తలేదు. బయటికి వచ్చి సైకిళ్ల దగ్గర నిలబడి ఏడ్చాను అన్నా.

ఇక్కడ ఎండలు ముదిరాయి. గనిలో ఉక్క, పైన వడగాలి. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను, ఒక పక్క మాడుతోంది. గదిలో నలుగురం ఉన్నా ఎవరి పాళీ వాళ్లది, మాట్లాడే మనిషి దొరకడు. వదిన పంపిన కారప్పొడి అయిపోయింది, వీలైతే మళ్లీ పంపమను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను. బయట దుకాణంలో పది గోలీలే దొరికాయి. ఈ ఉత్తరంతో పాటు భూమయ్యతో పంపుతున్నాను. రోజుకొకటి. అవ్వ వాటిని సగానికి విరిచి, మిగతా సగం కొంగుకు ముడి వేసుకుంటుంది. విరవనివ్వకు, ముడి విప్పి చూడు. పది రోజుల్లో పట్వారీ కాగితం నా చేతికి రావాలి. రేపురా మాపురా అంటే అతని గడప దగ్గరే కూర్చో. లచ్చవ్వ రాజలింగుకు "తల్లి" అని రాయించు. అవ్వ అని రాస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అతను రాశాక నువ్వు ఒకటికి రెండుసార్లు చదువు. నాలాగా మురిసిపోకు. కింద అవ్వ వేలిముద్ర కావాలట, వీడు నేను కన్న కొడుకే అని.

ఎందుకని అడుగుతుంది. అసలు సంగతి చెప్పకు. చెబితే నవ్వుతుంది, నవ్వితే దగ్గు, దగ్గితే దమ్ము. "చిన్నోడు అడిగిండు, బొటనవేలు గట్టిగ ఒత్తవ్వా" అని మాత్రం చెప్పు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకున్నాను. నా బదులు నువ్వే అవ్వ కాళ్లకు దండం పెట్టు. నా గురించి ఫికర్ పడవద్దు.

ఇట్లు,
నీ తమ్ముడు,
లచ్చవ్వకు మనవడు కాదు, కొడుకు,
రాజలింగు