నాయన తలలో గడ్డ తీసేసినారు

పెరంబూరు, 9-7-1956

తమ్ముడు మునిరత్నానికి అక్క అమ్మణి దీవెన. నాయన దక్కినాడురా! ముసలితనం, మతి పోయిందని మనం ఊరకుంటిమే, తలలో ఉసిరికాయంత గడ్డ కూడా ఉండిందంట. పెద్దాసుపత్రిలో కోసి తీసేసినారు. ముసలి మరుపు వేరే, అది పోదన్నాడు డాక్టరు. పోకపోతే మానె! రెండేండ్లకి నిన్న నన్ను పేరు పెట్టి పిలిచినాడు. మరదలు ఆరోగ్యమేరినీ బిడ్డనీ తీసుకుని ఆదివారం రా. ఆమె పెట్టిన నిమ్మకాయ ఊరగాయ తే, నాయనకి నోరు చప్పగా ఉందంట. బిడ్డకి దగ్గు తగ్గిందా? నీ పెండ్లినాడు ఆయన గడప తొక్కొద్దన్న మాటకి జంకొద్దు. అది గుర్తుందా నాయనా అని అడిగితిని. "బాగా గుర్తుంది. మర్చిపోయినానని వాడికి రాయి" అన్నాడు. రాసేసినా. మీ ముగ్గురికీ నాయన దీవెనలు.