మచ్చ సంగతి

1980 జనవరి 12, శనివారం

లే ఆఫ్ అయిన మగాళ్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో వీధికొకరున్నారు. వాళ్లు మంచు ఎత్తిపోస్తున్నారు, పెళ్లాల మీద అరుస్తున్నారు. మా ఆయన శ్యామ్‌సుందర్ మాత్రం బేస్‌మెంట్‌లో కూర్చుని జపాన్ వెండి నాణేలు చూసుకుంటున్నారు. మాటాపలుకూ లేదు. పళ్లెం పెట్టొస్తే సగం అన్నం తిరిగొస్తోంది.

ఎడమా కుడా, అంతే ఆయన లోకం. జపాన్ వాళ్లు వెండి యెన్‌లు రద్దు చేసినప్పుడు కొన్నిటి మీద చిన్న గుండ్రటి ముద్ర కొట్టి పైదేశాలకి తోలేశారట. ముద్ర ఎడమవైపుంటే ఒసాకాలో కొట్టింది, కుడివైపుంటే టోక్యోలో. ఎడమవి ట్రే నిండా ఉన్నాయి. కుడివాటి వరసలో అన్నీ ఖాళీలే. పెళ్లయిన కొత్తలో ఈ పాఠం చెబుతుంటే ఆవలించేదాన్ని. ఇప్పుడు మళ్లీ చెబితే బాగుండును.

జనవరి 19

ఆయన పాత కొలీగ్ భాస్కర్ వచ్చాడు. వెండి రేటు ఆకాశంలో ఉంది, అన్నీ కరిగించేసి సొమ్ము చేసుకోమన్నాడు. ఆయన లేచి ట్రే మీద టవల్ కప్పారు, చంటిపిల్లకి కప్పినట్టు. భాస్కర్‌కి కాఫీ ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చాను.

జనవరి 24, సాయంత్రం

నేను ల్యాబ్‌లో డ్యూటీ అయి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు. గరాజ్‌లో ఉన్నారు. తలుపు మూసేసి, తన కారులో కూర్చుని. ఇంజన్ ఆన్‌లో లేదు. కీస్ చేతిలో ఉన్నాయి. మూసిన గరాజ్‌లో ఇంజన్ ఆన్ చేస్తే ఆ పొగకి మనిషి మిగలడు. ఏం చేస్తున్నారంటే ఏం లేదన్నారు.

కీస్ లాక్కున్నాను. బియ్యం డబ్బా అడుగున దాచాను. డాక్టర్ దగ్గరికి పదండి అంటే రానన్నారు. దేవుడా, నాకు భయమేస్తోంది.

జనవరి 25

ల్యాబ్‌కి సెలవు పెట్టేశాను. కిందకెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. దొంగ ముద్ర ఎలా పోల్చాలని అడిగాను, తెలిసే. ట్రేలోంచి ఒకటి తీసి తిప్పి చూపించారు. ఇవతల పంచ్ కొడితే అవతలివైపు డ్రాగన్ పొలుసులు ఆ చోట అణగాలి, అణగకపోతే నమ్మొద్దు అన్నారు. ఈ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం ఇదే.

డ్రాగన్ అనగానే గుర్తొచ్చింది. కాకినాడలో అమ్మ కుంకుమ భరిణెలో ఉండే వెండి బిళ్ల! తాతయ్య రంగూన్ నుంచి తెచ్చాడు. చిన్నప్పుడు బొటనవేలితో తడిమితే చిన్న గుంట తగిలేది. అది ఈ ముద్రే. ఆయనకి చెప్పాను. తలెత్తి నా మొహంలోకి చూశారు. ఎటువైపు అన్నారు. ఎంత ఏడ్చినా గుర్తు రావడం లేదు.

జనవరి 27, ఉదయం 6

అమ్మ పక్కింటి డాక్టర్ గారి ఫోన్‌కి ట్రంక్ కాల్ చేశాను. అమ్మ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. మార్చిలో వస్తున్నావుగా, భరిణెలో బిళ్ల పట్టుకురా, దాని మీద మచ్చ సంగతి చూడు అని అరిచాను. ఎటువైపుందో చెప్పు అనేలోగా లైన్ కట్.

ఫిబ్రవరి 17

అత్తయ్యగారు ఎప్పుడొస్తారని రోజూ అడుగుతున్నారు. అత్తగారి కోసం ఇంత కలవరించిన అల్లుణ్ని నేనెక్కడా చూడలేదు. ఇవాళ గడ్డం గీసుకున్నారు. కీస్ మాత్రం బియ్యంలోనే ఉన్నాయి.

ఫిబ్రవరి 29

మళ్లీ గడ్డం పెరిగింది. ఆ బిళ్ల ఎడమదైతే ఈ మనిషిని ఏం చేసుకోను?

మార్చి 23, ఆదివారం

అమ్మ దిగింది. సూట్‌కేసు తెరవకముందే ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు. అమ్మ కొంగు ముడి విప్పి బిళ్ల చేతిలో పెట్టింది. తళతళలాడిపోతోంది. ముద్ర లేదు. ఎడమా లేదు, కుడీ లేదు.

మచ్చ సంగతి చూడమన్నావుగా, చూశాను అంది అమ్మ. కంసాలి చేత వెండి పోయించి ఆ గుంట పూడ్పించిందట. నున్నగా పాలిష్ పెట్టించిందట. అల్లుడి చేతికి మచ్చ ఉన్నది ఎలా ఇస్తాననుకుందట. అంత దూరం నుంచి వచ్చిన మనిషి మీద, కాళ్లు కడుక్కోకముందే, నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ ఏడ్చింది. ఆయన బిళ్ల పట్టుకుని కిందకెళ్లిపోయారు.

నా నోరు పడిపోను. ఎటువైపుందో చూడు అంటే సరిపోయేది కదా.

మార్చి 24, ఉదయం

కింద నుంచి వసూ అని కేక. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో! ఏదో అయిపోయిందనుకుని పడుతూ లేస్తూ దిగాను.

లెన్స్ నా చేతికిచ్చారు. బిళ్ల తిప్పి డ్రాగన్ వైపు చూపించారు. పొలుసులు ఒకచోట నలిగి చదునైపోయి ఉన్నాయి. ముద్ర పూడ్చాడు గానీ దాని వెనకాల అణిగింది కంసాలి ఎలా లేపుతాడు అన్నారు. కుడి అన్నారు. కుడిదే వసూ అని భోరుమన్నారు. నేనూ ఏడ్చాను. ఏమైందే అని పైనుంచి అమ్మ కంగారుపడుతోంది. కుడి అమ్మా, కుడి అని అరిచాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఏప్రిల్ 5, శనివారం

ఆన్ ఆర్బర్‌లో కాయిన్ షో ఉందట. ఆ బిళ్ల తీసుకెళ్లి వాదించాలట, పూడ్చేసినా ఇది టోక్యోదేనని. కారు కీస్ అడిగారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. బియ్యంలో చెయ్యి పెట్టాను. కీస్ తగిలాయి. తగిలినా చాలాసేపు తియ్యలేదు.

ఇచ్చాను.

గరాజ్ తలుపు లేచింది. కారు వెళ్లిపోయింది. తలుపు వెయ్యడం మర్చిపోయారు. చలిగాలి వంటింటి దాకా కొడుతోంది. నేనూ వెయ్యలేదు.