వెచ్చగా ఉంచిన పొర

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మీ మేడమ్ చివరిసారి కరెంటు తగిలించి లోహంలా మార్చిన ఆక్సైడ్ పొర ల్యాబులో ఇంకా అలాగే ఉందని రాశావు. కింద హీటరు ఆపితే చల్లబడి, మళ్లీ కరెంటు పారనివ్వని స్థితికి వెళ్లిపోతుందన్నావు. ఆ బల్ల వేరేవాళ్లకు కావాలట. ఆపమంటారా అని అడిగావు.

ఆ పొర సంగతి నాకూ తెలుసు. "ఒక్క దెబ్బకి లేచి కూర్చుందండీ! కాస్త వెచ్చగా ఉంచితే చాలు, మళ్లీ పడుకోదు. మీకంటే నయం" అంది ఆరోజు ఇంటికి రాగానే.

కొలతలన్నీ అయిపోయాయి కాబట్టి ఆపడమే సరైనది. ఊరికే హీటరు వెలగడం ఆమెకూ గిట్టేది కాదు. కానీ ఆ మాట నా చేత అనిపించకు. ఆసుపత్రిలో ఆమెకు ఊపిరి అందిస్తున్న యంత్రం గురించి డాక్టరు కూడా ఇంత మర్యాదగానే అడిగాడు. ఆపమన్నాను.

ఈసారి నువ్వే ఆపెయ్యి. ఆపాక నాకు రాయకు. ఆ గదిలో చలి ఎక్కువని ఆమె తెచ్చుకున్న శాలువా కుర్చీకే ఉంటే, నువ్వు కప్పుకో.

మీ మేడమ్ వాళ్లాయన