కొమ్మ వేసే చోటు

ఏప్రిల్ 4, శుక్రవారం

రేపు పొద్దున్న ట్రిప్ నాకు పడింది. నిజానికి అది తోటి గైడ్ సావిత్రి నంబర్.

టౌన్‌లో, తుకుం పేటలో ఇనుప సామాను దుకాణమున్న బాలకిషన్ సేట్ తన వియ్యంకుడి కుటుంబాన్ని వరంగల్ నుంచి రప్పించాడు. మూడు రోజుల టూర్. ఈ రోజు కోట, మహాకాళి గుడి. రేపు, ఎల్లుండి తాడోబా సఫారీ. అడవి గేటుకు ఫోన్ చేసి తెలుగు వచ్చే గైడే కావాలన్నాడట. మా గేటులో తెలుగు మాట్లాడే గైడ్‌ని నేనొక్కదాన్నే. నా పుట్టిల్లు అదే టౌన్‌లో బాబుపేట్. నాయన గనిలో పని చేశాడు. నన్ను సిర్పూర్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచి పదో తరగతి దాకా తెలుగులో చదివించారు. పెళ్లయ్యాక ఈ ఊరికి వచ్చాను.

గైడ్లు వరస ప్రకారం పోవాలి. వరస తప్పించారంటే ఆ మనిషి ఆ పూట ఇంటికి పోవాల్సిందే. సావిత్రి గేటు ముందు నిలబడి, దీనికి ఇంకో భాష ఉంది గదా, నా నంబర్ మింగి నీళ్లు తాగింది అని అందరికీ వినపడేలా అంది. మరాఠీలో అంది. నేను తెలుగులో రాసుకుంటున్నాను. ఈ ఇంట్లో ఇది చదవగలిగేవాళ్లు లేరు. మామకు చదువు లేదు. మా ఆయన సమ్మన్న మరాఠీ బడిలో చదివాడు.

నేను అడగలేదు, వాళ్లే వేశారు అన్నాను. వద్దు అనే నోరు లేదా అంది.

ఉంది. అనలేదు.

ఏప్రిల్ 5, శనివారం, మధ్యాహ్నం

జిప్సీలో ఆరుగురు. సేట్, ఆయన భార్య ప్రభావతి, కొడుకు నవనీత్, కోడలు, వియ్యంకుడు అరవింద్, వియ్యపురాలు. నవనీత్ చేతిలో మూరెడు పొడుగు కెమెరా. ముందు సీట్లో డ్రైవర్ మారుతి, నేను.

మొదటి గంట జింకలు. రెండో గంట కూడా జింకలే. అరవింద్ గారు, బావా, మీ పులులు లీవ్ మీద పోయినట్టున్నయి అన్నారు. అందరూ నవ్వారు. సేట్ నవ్వలేదు. నా వెనక నుంచి, ఏమమ్మా, తుకుంల కుక్కలే ఇంతకన్న ఎక్కువ కనిపిస్తయి, గిది సూపెట్టనీకేనా మమ్ముల పొద్దుగాల నాలుగింటికి లేపింది అన్నాడు. అడవిలో మెల్లగా మాట్లాడాలని చెప్పాను. వినేతందుకు పులి ఉంటే గద అన్నాడు. ప్రభావతమ్మ, దీనికన్న ఆ గుడికి ఇంకోసారి పోయొస్తే పుణ్యమన్న దక్కేది అంది. మారుతి నవ్వాడు. వాడు టిప్ ఇచ్చేవాళ్లు ఏమన్నా నవ్వుతాడు.

వాగు దాటగానే ఎడమ పక్కన కొమ్మల కుప్ప ఉంటుంది. రెండేళ్ల కింద ఇప్ప పువ్వు ఏరుకోవడానికి పోయిన మా అత్త సత్తమ్మను పులి అక్కడే పట్టింది. రక్తం కారిన చోట మామ ఒక రాయి పెట్టాడు. పులి చంపిన చోటును దాటేవాళ్లు ఒక కొమ్మో పుల్లో వేసి పోవాలి. ఇక్కడి ఊళ్లన్నింటిలో ఉన్న రివాజే. వేయకుండా పోతే చనిపోయిన మనిషి వెంట వస్తుందంటారు.

అత్త అంటే నాకు ప్రేమ లేదు. ఆమెకు నేనంటే లేదు. నేను వండిన కూర ఒక్కనాడు బాగుందనలేదు. పొయ్యి ఊదడం కూడా మీ అమ్మ నేర్పలేదా అనేది. ఆమె పోయినందుకే నాకు ఈ గైడ్ పని ఇచ్చారు. అది కూడా నాకు ఇష్టం లేదు, కానీ పని కావాలి. ఇవన్నీ వేరు, కొమ్మ వేయడం వేరు. బండి దిగకూడదు కాబట్టి గేటు దగ్గరే ఒక పుల్ల తుంచి ఒడిలో పెట్టుకుంటాను. కూర్చున్న చోటి నుంచే విసురుతాను. ట్రైనింగ్‌లో చెప్పారు, గెస్టులకు చావుల సంగతి చెప్పొద్దని. చెప్పను. సాయంత్రం మామ ఒకటే అడుగుతాడు, ఏసినవా అని.

ఈ రోజు కుప్పకు అవతల, వెదురు నీడలో పులి పడుకొని ఉంది.

మారుతి బండి ఆపాడు. నవనీత్ కెమెరా ఆగకుండా టకటక కొట్టుకుంది. వెనక ఇంకో రెండు జిప్సీలు వచ్చాయి, ముందుకు జరగమని సైగ చేశారు. మారుతి కదిలించాడు. కుప్ప నా చేతి పక్కకు వచ్చింది. పుల్ల ఒడిలో ఉంది. ఒక్క పూట వదిలేద్దామనుకున్నాను. సాయంత్రం మామ అడుగుతాడు. వేశాను.

కుప్ప మీదే పడింది. పులి తల తిప్పి నన్ను చూసింది. లేచి వెదురులోకి పోయింది.

సేట్ లేచి నిలబడ్డాడు. ఏందమ్మ నీ అక్కసు, పులిని కొడ్తవా, మేమింక సరిగ్గ సూడనే లేదు అని అరిచాడు. నవనీత్ ఫొటో చూపించాడు. ఫొటోలో నా చేయి, గాలిలో పుల్ల, అవతల పులి తల. కుప్ప సగమే కనిపిస్తోంది.

ఏప్రిల్ 5, సాయంత్రం

కంప్లైంట్ పెట్టారు. నా నంబర్ ఆపేశారు. మామ అడిగాడు. వేశానన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

పదకొండింటికి ఫారెస్ట్ ఆఫీసుకు పిలిచారు. సాహెబ్ జనవరిలో బదిలీ మీద వచ్చాడు. మా ఊరి సంగతులు ఆయనకు తెలియవు. సేట్, ప్రభావతమ్మ, నవనీత్ కుర్చీల్లో కూర్చున్నారు. మారుతి, నేను నిలబడ్డాం. వాళ్ల సాయంత్రం ట్రిప్ సావిత్రికి ఇచ్చారు కాబట్టి ఆమె కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

సాహెబ్ కెమెరాలో ఫొటో చూశాడు. ఇది నిజమైతే గైడ్ పని పోతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. మారుతిని అడిగాడు. నేను రోడ్డు చూస్తున్న సార్, ఏం చూడలేదు అన్నాడు. రెండేళ్లుగా నా పక్కన కూర్చొని రోజూ చూసేవాడు.

ఎందుకు విసిరావు అని నన్ను అడిగాడు.

మా అత్తను అక్కడ పులి చంపింది అని చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది. అప్పుడు అర్థమైంది. అత్తను చంపిన చోట పులి కనిపిస్తే కోడలు ఏం చేస్తుంది అంటే, కొడుతుంది అనే అనుకుంటారు. నిజం చెబితే నేరం ఒప్పుకున్నట్టు అవుతుంది. చెప్పకపోతే కొట్టడానికి కారణం లేని పిచ్చిదాన్ని అవుతాను.

సావిత్రి తలుపు దగ్గర నుంచి మాట్లాడింది. సార్, ఇక్కడ ఒక నమ్మకం ఉంది, ఆ కుప్ప మీద కొమ్మ వేస్తే పులి దర్శనం ఇస్తుంది, ఈమె గెస్టుల కోసమే వేసింది, వేయగానే పులి లేచి తల చూపించింది గదా, ఫొటో చూడండి అంది.

ప్రభావతమ్మ చెంపలు వేసుకుంది. అయ్యో, దేవుని పనాయె, గీ ముక్క ముందుగాల చెప్పొద్దా బిడ్డా, మేమూ తలా ఒకటి ఏస్తుంటిమి గద అంది. సేట్ భార్య వైపు చూసి, ఫొటో వైపు చూసి, గట్లనా అన్నాడు. గొంతు మారిపోయింది.

సాహెబ్ నన్ను అడిగాడు, ఇది నిజమేనా అని.

హో సర్, నిజమే అన్నాను.

రాళ్లు వద్దు, ప్లాస్టిక్ వద్దు, ఆకులూ పుల్లలే, బండిలో నుంచే అని చెప్పి సాహెబ్ ఫైలు మూశాడు.

బయటికి వచ్చాం. సావిత్రే అంది. నీ మీద జాలిపడి చెప్పాననుకోకు, పులిని కొట్టారని బయటికి పొక్కితే గేటు మూస్తారు, నా నంబర్ కూడా నీతో పాటే పోతుంది అంది. మీ అత్త నోరు మంచిది కాదు, నన్ను కూడా తిట్టేది అని కూడా అంది. అది నిజం.

సాయంత్రం ట్రిప్‌లో ఆరుగురూ తలా ఒక పుల్ల వేశారట. మలుపు తిరగగానే నీళ్ల దగ్గర పులి, రెండు పిల్లలు. పావుగంట కనిపించాయట. సేట్ గేటు దగ్గర దిగి మట్టికి దండం పెట్టాడని మారుతి నాకు చెప్పాడు. వదినా, ఇగ మనకు ఢోకా లేదు అన్నాడు. నాతో మాట్లాడొద్దన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

నాగ్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు బండి ఎక్కగానే కొమ్మ వేసే చోటు ఎక్కడ అని అడిగారు. రిసార్టులో చెప్పారట. హిందీలో చెప్పాను, వాగు దాటినాక ఎడమ పక్కన అని. దాని కథ ఏమిటి అన్నారు. పాత నమ్మకం అన్నాను. ఎంత పాతది అన్నారు.

చాలా పాతది అన్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

సమ్మన్న బల్లార్‌పూర్ నుంచి వచ్చాడు. అక్కడ బొగ్గు టిప్పర్ నడుపుతాడు, ఆదివారాలు వస్తాడు. జరిగింది చెప్పాను. నౌకరీ నిల్సింది గదా, నోర్మూసుకో, నాయినకు మాత్రం చెప్పకు అన్నాడు. అది నీ అమ్మ చచ్చిన చోటు అన్నాను. చచ్చినామెకు నౌకరీ లేదు, నీకుంది అన్నాడు. కూర బాగుందని రెండోసారి పెట్టించుకున్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

కుప్ప జిప్సీ టైరంత ఎత్తు పెరిగింది. ఎర్ర గుడ్డ ఒకటి, కొబ్బరి చిప్ప ఒకటి. పుల్ల దొరకనివాళ్లు చేతికి ఏది దొరికితే అది వేస్తున్నారు. వద్దంటే, మేడమ్, ఒక్కటే గదా అంటారు. పులి కనిపించని రోజు, సరిగ్గా వేయలేదని ఒకరినొకరు తిట్టుకుంటారు. పొద్దున ఒకాయన భార్యను, నీ చేయి అపశకునం అన్నాడు. ఆమె దారి పొడుగునా ఏడ్చింది.

నేను వేయడం మానేశాను. వాళ్ల పుల్లల మధ్య నాది వేయబుద్ధి కాలేదు. మామ అడిగితే మాత్రం వేశాననే చెబుతున్నాను.

మే 3, శనివారం

ట్రిప్ ముగించి వచ్చేసరికి వాకిట్లో మామ కూర్చొని ఉన్నాడు. ముందు గోనె సంచి. నన్ను చూసి సంచి బోర్లించాడు. చిప్స్ పొట్లాలు, నీళ్ల సీసా మూతలు, జడ క్లిప్పు, పిల్లల చెప్పు ఒకటి, ఆ ఎర్ర గుడ్డ.

నీ అత్త మీద కుర్‌కురే పొట్లాలు ఏస్తుండ్రు, ఎవల్లు చెప్పిండ్రు ఆళ్లకు అన్నాడు.

సావిత్రి అన్నాను.

అబద్ధం కాదు.

మే 4, ఆదివారం

మామ పొద్దున్నే సావిత్రి ఇంటికి పోయాడు. తిరిగి వచ్చి నన్ను దాటుకొని గొడ్ల దగ్గరికి పోయాడు. సాహెబ్ ముందు హో అన్నది నీ కోడలే అని ఆమె చెప్పి ఉంటుంది. నేనైనా చెప్పేదాన్ని.

అన్నం పెట్టాను. తినలేదు. గొడ్ల దగ్గర, వినపడేటట్టు, గిదే నీకు దొరికిన నౌకరీ అన్నాడు. నాతో కాదు, ఎద్దుతో.

మే 11, ఆదివారం

ఏసినవా అని ఇవాళ కూడా అడగలేదు.

మే 14, బుధవారం

తెల్లారేసరికి మామ మంచంలో లేడు, వాగు వైపు పోయాడన్నారు. కాలినడకన ఆ దారిన పోకూడదు, పులి తిరిగే వేళ. మారుతి బండి తీస్తానన్నాడు, వాడి సాయం వద్దన్నాను. ఎండ ఎక్కాక వచ్చాడు. నెత్తి మీద గోనె సంచి. పొట్లాలే అనుకున్నాను. ఇంటి వెనక బోరింగుకు పోయే తోవ పక్కన సంచి దించాడు. లోపల రాయి. కుప్ప అడుగున పెట్టిన రాయి.

నేల తవ్వి దాన్ని పెట్టి, చుట్టూ మట్టి తొక్కాడు. వేప పుల్ల ఒకటి వేశాడు. కాళ్లు కడుక్కుంటూ నాకు చెప్పాడు, నీ అత్త ఆడ ఉండలేనంటే తోలుకచ్చిన, ఇగ ఈడనే ఉంటది అని.

అక్కడ ఇప్పుడేముంది అని అడిగాను.

కట్టెలు అన్నాడు.

మే 19, సోమవారం

పొద్దున ట్రిప్‌లో ఆరుగురూ వేశారు. చేయి చాచి చోటు నేనే చూపించాను.

ఇంటికి వచ్చి బిందె పట్టుకొని బోరింగుకు పోతూ రాయి దగ్గర ఒక పుల్ల వేశాను. తిరిగి వస్తూ ఒకటి. రెండో బిందెకు పోతుంటే మామ వాకిట్లో నుంచి చూస్తున్నాడు. మళ్ళీ వేశాను. ఈ రోజు నాలుగు బిందెలు మోయాలి.