నా ఉద్యోగం నా మనవరాలికి ఇవ్వవద్దు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పారిశుధ్య కార్మికురాలిగా నేను చేయుచున్న ఉద్యోగమును, డిగ్రీ చదివిన నా మనవరాలికి ఇవ్వవద్దని కోరుట గురించి.

నేను తమ ఆసుపత్రి లాబులో నేల తుడిచే, సీసాలు కడిగే మనిషిని. నన్ను అందరూ సీసాలమ్మ అంటారు. అసలు పేరు కాంట్రాక్టరు గారి జీతాల పట్టీలో ఉన్నది, కావలసిన యెడల అక్కడ చూసుకొనవచ్చును. వయసు డెబ్బై దాటినది. పట్టీలో యాభై ఎనిమిది అని ఉన్నదట. అది ఆయన రాసుకున్నది, నేను చెప్పినది కాదు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం: నేను, బట్టలు కుట్టే నా కోడలు, దాని కూతురు. నా కొడుకు పోయాడు. నాకు చదువు రాదు గనుక మందుల కౌంటరు గుమాస్తా చేత ఈ అర్జీ రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలని, ఎక్కడా మెత్తబెట్టకూడదని అతని దగ్గర ముందే మాట తీసుకున్నాను.

1. తమరు గోడకు బిగించిన హాజరు మిషను నా బొటనవేలిని గుర్తుపట్టుట లేదు. రోజూ వేలు పెడతాను, ఎర్ర దీపం వెలుగుతుంది. కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెడతాను, మళ్ళీ ఎర్ర దీపమే. కాంట్రాక్టరు గారి సూపర్‌వైజరు నాకు కొడుకు వయసు వాడు.

"నీ వేలు అరిగిపోయింది ముసలమ్మా. పక్కకు జరుగు, వెనకాల అంతా ఆగిపోయారు" అన్నాడు.

"వేలు అరిగితే మనిషి రాలేదని రాస్తావా? మరి ఇప్పుడు నీతో మాట్లాడుతున్నది ఎవరు?"

"నువ్వొచ్చావని నాకు తెలుసు. మిషనుకి తెలియాలి కదా."

వేలు ఊరికే అరగలేదు. రక్తం పట్టిన గాజు గొట్టాలు, కఫం అంటిన స్లైడ్లు బ్లీచింగు నీళ్ళలో, ఆసిడ్ నీళ్ళలో కడిగి కడిగి అరిగింది. చేతి తొడుగులు అడిగినాను. అవి లాబు వాళ్ళకే ఇస్తామన్నారు. నేను ఇన్నేళ్ళు కడిగింది ఎవరి సామానో వారే చెప్పవలెను.

2. నా మనవరాలి చదువుకు అయిన ఖర్చును ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.

తమ లాబులో ఇదివరకు ఒక లాబు మాస్టారు ఉండేవారు. నేను తుడుస్తూ కుర్చీ దగ్గరకు వస్తే రెండు కాళ్ళూ పైకెత్తేవారు గానీ, కన్ను మైక్రోస్కోపు మీద నుంచి తీసేవారు కాదు. మంచి మనిషే, తప్పుగా చెప్పడం లేదు. కానీ ఆ ఎత్తిన కాళ్ళ కింద తుడుస్తూ తుడుస్తూ అనుకున్నాను, నా మనవరాలు ఆ కుర్చీలో కూర్చోవాలని. ఆ ఆశ నాది. పిల్ల మీద రుద్దింది నేనే.

మెడికల్ లాబ్ టెక్నీషియన్ డిగ్రీ అన్నారు. కాలేజీ పుస్తకం అట్ట మీద అందరూ తెల్లకోట్లు వేసుకుని నవ్వుతున్నారు. ఆఖరి ఏడాది ఫీజుకు నా కోడలు కుట్టుమిషను అమ్మేసింది. ఇప్పుడు వీధి చివర టైలరు కొట్లో అతని మిషను మీద కుడుతోంది, కూలిలో సగం అతనిదే. నా ఎడమ కంటికి పొర వచ్చింది. ఆపరేషను ఉచితమే, కానీ తరువాత నెల రోజులు పనికి పోకూడదన్నారు. ఆ నెల జీతం కాలేజీది గనుక పొరను ఉంచుకున్నాను.

అంత తీసుకున్న కాలేజీలో క్లాసు మొత్తానికీ ఒకటే మైక్రోస్కోపు. బస్సు టిక్కెట్టుకు నిలబడ్డట్టు నిలబడి, ఒకసారి కన్ను పెట్టి, వెనకవాళ్ళు తోస్తే పక్కకు తప్పుకోవాలట. సూది గుచ్చడం నేర్చుకోవడానికి మనుషులు లేరు. కనుక మా ఇంట్లో నా చేయి ఉపయోగపడినది. "కదలకు నాయనమ్మా, నరం పారిపోతోంది" అనేది. "అది కూడా నీ కాలేజీ ఫీజు చూసి భయపడిందే" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో నవ్వు వచ్చేది.

3. ఖర్చు అటుంచి, రాబడి విషయము.

మనవరాలు పాసయిన ఏడాదే లాబు మాస్టారు రిటైరైనారు. నేను తమ గది బయట నిలబడి తమరిని అడిగినాను. "ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకమ్మా, అనుభవం కోసం రమ్మను. ఖాళీ నింపేటప్పుడు చూద్దాం" అన్నారు. ఏడాది దాటింది. అప్పటినుంచి రక్తం తీసేది, మిషనులో తిప్పేది, స్లైడు చూసేది అంతా ఆమే. కింద సంతకం డాక్టరు గారిది. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు, జీతం పట్టీలో అంతకన్నా లేదు. బయట లాబులకు వెళితే అనుభవం కాగితం తెమ్మన్నారు. ఒకచోట మాత్రం ఇంటింటికీ తిరిగి రక్తం తెచ్చే పని ఉంది, స్కూటరూ పెట్రోలూ నీవే అన్నారు.

నేను తుడవడానికి వస్తే మాస్టారిలా కాళ్ళెత్తదు, లేచి నిలబడుతుంది. అది కూడా నాకు కోపమే. "కూర్చోవే, నిలబడడానికా నిన్ను చదివించింది" అంటాను.

4. ఇప్పుడు అసలు సంగతి. నా వేలు పనికిరాదు గనుక, ఒకటో తేదీ నుంచి నా స్థానంలో నా మనవరాలిని పెట్టుకుంటామని కాంట్రాక్టరు గారు సెలవిచ్చారు. పట్టీలో స్వీపరు, పని లాబులో, మధ్యలో తీరికైతే సీసాలు కూడా. ఒక జీతానికి ఇద్దరి చాకిరీ. సూపర్‌వైజరు ఆమె చేత హాజరు మిషను మీద వేలు పెట్టించి చూశాడు. పెట్టీ పెట్టగానే పచ్చ దీపం. ఆ మిషను అంత మురిసిపోవడం నేనెన్నడూ చూడలేదు.

వరండాలో తమరు కూడా "ఏదో ఒకటి దొరికింది కదమ్మా, సంతోషించు" అన్నారు. గుమాస్తా ఈ మాట తీసేద్దాం అంటున్నాడు. తీయవద్దన్నాను.

నేను ఒక్కరోజు కూడా బడికి పోకుండా తెచ్చుకున్న ఉద్యోగం ఇది. డిగ్రీ చదివి ఇదే తెచ్చుకునేటట్లయితే మధ్యలో ఆ కాలేజీ ఎందుకు, కోడలి మిషను ఎందుకు, నా కన్ను ఎందుకు?

5. మనవరాలు ఆ స్వీపరు కాగితం మీద సంతకం పెడతానంటోంది. ఇంట్లో జరిగినది విన్నవించుకొనుచున్నాను.

"నీ జీతం ఆగిపోతే ఇల్లు గడిచేదెట్లా? కాగితం మీద ఏం రాసుకుంటే ఏమైంది నాయనమ్మా, కుర్చీ అదే కదా" అన్నది.

"రేపు ఖాళీ నింపుతారనుకో. అనుభవం ఏదీ అంటే ఏం చూపిస్తావు? స్వీపరుగా చేశానని చూపిస్తావా?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు నేనుండనే."

నా కోడలు పక్కనే చేత్తో కుడుతోంది. నోట్లో దారం ఉంది. కొరికి ఉమ్మి, "మిషను లేదు, తిరిగి రాదు. ఇంకేం అమ్ముతాం అత్తయ్యా" అని లోపలికి పోయింది.

కావున తమరిని కోరునది ఏమనగా: నా మనవరాలిని నా స్థానంలో వేయవద్దు. లాబు పని చేయించుకుంటే లాబు పేరు మీదే చేయించుకోండి, జీతం సంగతి తరువాత కొట్లాడతాను. అదీ కాదంటే ఇన్నాళ్ళూ తమ లాబులో పరీక్షలు చేసింది ఆమేనని ఒక్క కాగితం సంతకం పెట్టి ఇవ్వండి, ఇంకో గడప తొక్కుతుంది. నాకు వేలిముద్ర బదులు పుస్తకంలో హాజరు వేయించండి. నా పని నేను ఇంకా చేయగలను. చీపురు నాతోనే మొదలైంది మా ఇంట్లో, నాతోనే ఆగాలి.

ఇదంతా తమరు చిత్తగించవలెను. ఇక్కడ 'దయతో' అని కలుపుదామన్నాడు గుమాస్తా. దయ అక్కరలేదు, చివరిదాకా చదివితే చాలు.

తమ విధేయురాలు,
సీసాలమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

తాజా కలం: ఇంకు మళ్ళీ మళ్ళీ అద్దినా మచ్చ పడింది గానీ గీత పడలేదు. ముద్రలో గీతలు లేవని అర్జీని తిప్పి పంపవద్దు. ఆ గీతలు తమ సీసాలు కడగడంలోనే పోయినవి, కావాలంటే అక్కడ వెతుక్కోండి.

సాక్షులు ఇద్దరు చాలునన్నాడు గుమాస్తా. ఇంతలో మనవరాలు లాబు నుంచి వచ్చి, కౌంటరు మీది కాగితం తీసుకుని మొత్తం చదివింది.

"నన్నడగకుండా రాయించావా?"

"అడిగితే వద్దంటావు."

కాగితం కౌంటరు మీద పెట్టింది. దూదికి స్పిరిటు అద్ది నా వేలికున్న ఇంకు తుడిచింది. తరువాత గుమాస్తా చేతిలో కలం తీసుకుని, "సంతకం పక్కన ఏం పనో కూడా రాయాలా, అన్నా?" అని అడిగింది. "రాయాలమ్మా" అన్నాడు. రాసింది. ఏం రాసిందో నాకు చదవడం రాదు. గుమాస్తా చదివి వినిపించాడు. ఇంకొకసారి చదవమన్నాను.

సాక్షులు:
1. మందుల కౌంటరు గుమాస్తా (సంతకం)
2. అంబులెన్సు డ్రైవరు (సంతకం)
3. అర్జీదారు మనవరాలు, లాబ్ టెక్నీషియన్ (సంతకం)