మగ్గం మీద కప్పిన పంచె

అనంతపురం,
గురువారం.

నాయనకు పద్మజ నమస్కారాలు. ఇక్కడ నాకు ఏ కొరతా లేదు. అక్కడ మీరు బాగున్నారని మొన్న బస్సులో పంపిన డబ్బా మూత తీయగానే తెలిసింది. నిప్పట్లు కరకరలాడుతున్నాయంటే అమ్మ ఆరోగ్యానికి ఢోకా లేనట్టే.

ఫోన్ ఉండగా, ఖాళీ డబ్బాలో పెట్టి ఈ రోజు బస్సుకే పంపే ఈ జాబు ఏమిటంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెట్టి మగ్గం పక్కన పెడతావు. పోయినసారి నాకు జలుబని చెప్తే నీకంటే ముందు ఎదురింటి నుంచి "మిరియాల కషాయం తాగు పాపా" అని కేక వినిపించింది. ఇప్పుడు రాసేది వీధికి కాదు, నీకు. నువ్వు ఒక్కడివే చదువు. ఎవరికీ చూపించొద్దు.

డబ్బాలో పెట్టిన చీటీలో నువ్వు అడిగినవాటికి జవాబులు. హాస్టల్లో నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి, బక్కెట్లలో నింపి పెట్టుకుంటున్నాం. కళ్ళజోడు మార్పించాను, తలనొప్పి తగ్గింది. ఆదివారం వస్తాను. ఓబుళేసు మామ గురించి రాసిన ముక్కకు మాత్రం జవాబు చివర్లో రాస్తాను. ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందని అడిగావు కదా, ఆ మాటెత్తితేనే నాకు ఒళ్ళు మండుతోంది.

మా యూనివర్సిటీ పిల్లలు ఫోన్లో, నెట్లో తమ సొంత సంగతులను ఎంత భద్రంగా ఉంచుకుంటారో అడిగి రాయాలి. అదీ నా ప్రాజెక్టు. అరవైమందిని అడిగాను. నలభైమందికి పైగా ఒకటే మాట. "దాచిపెట్టుకునేకి మన దగ్గర ఏముండాదప్పా?" ఒకడైతే ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "చూసుకో అక్కా, అంతా నీదే" అన్నాడు. వాడి ఫోన్‌కు తాళం వాడు పుట్టిన తేదీ. ఆ తేదీ పరీక్ష ఫలితాల పట్టికలో ఫోన్ నంబరుతో సహా నోటీసు బోర్డు మీద ఉంది. నెట్ సెంటర్‌లో అడిగితే ఓటీపీ నిలబడినచోటే గట్టిగా చదివి వినిపిస్తారు, అవతల వరసలో ఎవరున్నారో చూడరు.

ఆడపిల్లలు అంత అమాయకులు కారు, కానీ వాళ్ళ లెక్క వేరు. గుత్తి నుంచి వచ్చిన కృపాకుమారి నా రూమ్‌మేట్, నీకు తెలుసు కదా, క్రిస్మస్‌కు కేకు పంపిన పిల్ల. "కంపెనీవోళ్ళు చూస్తే చూడనీ పద్మా, మా పెదనాయన చూడకుంటే చాలు" అంది. నవ్వొచ్చింది. రాసుకున్నాను. ఇవన్నీ తీసుకుపోయి చూపిస్తే మా గైడు సారు, "కథలొద్దమ్మా, పట్టిక వేసి తీసుకురా" అన్నారు. అన్నవారే మరునాడు మా అందరి మార్కులూ పేర్లతో సహా క్లాసు గ్రూపులో పెట్టారు. ఎవరికి చెప్పుకోవాలి చెప్పు!

ఇంతలో ఇంకొకటి జరిగింది. లైబ్రరీలో పుస్తకం మీద తల పెట్టి కృప నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. మా క్లాసు శ్రీనివాసులు ఫోటో తీసి, స్టిక్కర్ చేసి, గ్రూపులో వదిలాడు. ఎవరు ఏం మాట్లాడినా కింద అదే స్టిక్కర్. కృప కూడా మొదటి రోజు నవ్వింది. రెండో రోజు నవ్వలేదు. మూడో రోజు నుంచి లైబ్రరీకి రావడం మానేసి, గదిలో తలుపు మూసుకుని చదువుతోంది. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి, పుస్తకాలన్నీ అక్కడే ఉన్నాయి.

నాకు కోపం ఆగలేదు. క్యాంటీన్ దగ్గర శ్రీనివాసులును పట్టుకున్నాను.

"ఆ పిల్లను అడిగినావా పెట్టేముందు?"

"తమాషాకు పెట్టింటి. దీనికంతా అడిగేదేముండాది?"

"ఆ యమ్మి బయటికి రాకుండా కూర్చుంది, తెలుసునా నీకు?"

వాడు ఫోన్ బయటికి తీశాడు. తర్వాత, "తీసేస్తాలే. కానీ నన్ను ఇంత తిడతాండావే, నువ్వు ఎప్పుడూ ఎవరిదీ అడక్కుండా పెట్టలేదా?" అన్నాడు.

పెట్టలేదు అనబోయాను నాయనా. నీ మగ్గం గుర్తొచ్చింది. నేను తయారుచేసిన ప్రశ్నల్లో తొమ్మిదోది కూడా అదే. అరవైమంది చేత జవాబు రాయించాను, నా జవాబు మాత్రం రాసుకోలేదు.

ఇప్పుడు నీకు రాస్తున్నాను. ఇది రాయాలనే ఇన్ని కాగితాలు నింపాను.

దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నీ మగ్గం మీద ఆ చెనక్కాయ తీగ అంచు చీర ఉంది. వేరుశనగ చేలో పూసేలాంటి పసుపుపచ్చని చిన్న పూవు, పక్కన జత ఆకులు. నీకు నేత పని ఇచ్చే షావుకారు నిన్ను నమ్మి ఇచ్చిన డిజైన్. నేసినంత మేర నువ్వు పాత పంచె కప్పి పెట్టేవాడివి. ఇంటికొచ్చిన పెద్దమ్మ చూపించమంటే కూడా, "చీర దిగినాక చూద్దువులే వదినా" అన్నావు. నువ్వు కాఫీ తాగడానికి లోపలికి పోయినప్పుడు నేను ఆ పంచె ఎత్తాను. ఫోటో తీశాను. "మా నాయన చేతి పని" అని రాసి స్టేటస్ పెట్టాను. నూటపద్నాలుగు మంది చూశారు. ఎంత పొంగిపోయానో! ఎవరి ద్వారానో ఆ ఫోటో అందిన తెలియని నంబరు నుంచి "అంచు దగ్గర నుంచి తీసి పంపమ్మా" అని అడిగితే అది కూడా తీసి పంపాను.

నెల తిరగక ముందే అదే పూవు, అదే ఆకు అనంతపురంలో ఒక అంగడి అద్దం వెనక నేను చూశాను. చూసి, తల దించుకుని హాస్టల్‌కు వచ్చేశాను. అప్పుడే చెప్పాల్సింది. అప్పటికే షావుకారు నీ మగ్గానికి కట్టిన ఆ డిజైన్ అట్టలు విప్పి తీసుకుపోయి, నీకు మామూలు అంచులు ఇస్తున్నాడు. నువ్వేమో ఓబుళేసు మామే బయటపెట్టాడని తేల్చేశావు. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ పట్టి అతికే మనిషి, ఇల్లిల్లూ తిరిగే మనిషి, కాబట్టి అతనే అని. నీ మాట విని మన వీధిలో ఇంకో నాలుగిళ్ళు కూడా అతన్ని పిలవడం లేదని అమ్మ చెప్పింది. ఆ రోజు ఫోన్లో నేను "అయ్యో" అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. ఇరవై ఏళ్ళు నీ మగ్గం దగ్గర కూర్చున్న మనిషి మీద నింద పడుతుంటే నోరు మూసుకున్నాను.

"ఓబుళేసు మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తొద్దు, ఆ మనిషితో తీరిపోయింది" అని చీటీలో రాశావు. తీరలేదు నాయనా. అతను ఏ పాపం ఎరగడు. నేను చేశాను. ఇక్కడ అరవైమందికి నీతులు చెప్పి తిరిగేదాన్ని నేనే. నా మీద నాకు ఎంత అసహ్యంగా ఉందో రాయలేను. తిట్టు, కొట్టు, నెల రోజులు మాట్లాడకు, పడతాను. షావుకారు దగ్గరికి కూడా నేనే వచ్చి చెప్తాను. ఆదివారం బస్సు దిగి మన ఇంటికి రాను, నేరుగా మామ ఇంటికే పోతాను. కానీ అప్పటిదాకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులు కూడా అతను మోయకూడదు.

ఈ జాబు ఎవరికీ చూపించొద్దని మొదట్లో రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. దీన్ని తీసుకుని ఈ రోజే ఓబుళేసు మామ ఇంటికి పో. అతనికి చదువు రాదు, నువ్వే చదివి వినిపించు. లోపల కూర్చుని కాదు. వాకిట్లో కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టే, వీధి వీధంతా వినేటట్టు చదువు.

ఇట్లు,
నీ మగ్గం మీది పంచె ఎత్తిన కూతురు,
పద్మజ